పచ్చ అంటే ఏ పచ్చ

భోపాలపట్నం బస్టాండు పక్క సందులో ఉన్న స్రవంతి ఫోటో స్టూడియోకి వెళ్ళారంటే ఫోటో కన్నా ముందు మీకొక పరీక్ష తప్పదు. లైటు వెయ్యకముందే స్రవంతి మనిషిని గుమ్మం దగ్గరికి తీసుకొచ్చి, పగటి వెలుతురులో నిలబెట్టి, బొటనవేలితో కింది రెప్ప లాగి చూస్తుంది. ఆధార్ కార్డు కోసం వచ్చిన ముసలమ్మకైనా అంతే, పట్టుచీర కట్టుకొని వచ్చిన పెళ్ళికూతురికైనా అంతే. ఆ పరీక్షలో నెగ్గితేనే కుర్చీ. "ఫోటోల దుకాణమా, పశువుల దవాఖానా?" అని బజారులో వాళ్ళు ఆట పట్టిస్తారు. ముఖం మీదే అన్నా ఆమె కోపం తెచ్చుకోదు. "తెల్లగనే ఉన్నయ్, పోయి కూసో" అని కెమెరా అందుకుంటుంది.

ఈ చాదస్తం ఆమెకు పుట్టుకతో వచ్చింది కాదు. తమ్ముడు దుర్గేశ్ పోయిన తర్వాత వచ్చింది. దుర్గేశ్ కళ్ళు పచ్చబడిన సంగతి లోకంలో అందరికన్నా ముందు చూసింది స్రవంతే. చూసి, ఆ పచ్చదనాన్ని తన చేతులతోనే తుడిచేసింది. ఆ సంగతి ఒక్క మనిషికి తప్ప ఆమె ఎవరికీ చెప్పుకోలేదు. కన్నతల్లికి కూడా చెప్పలేదు.

స్రవంతిది తర్లగూడ. కాస్త దూరం నడిస్తే తెలంగాణ. ఇంట్లో తెలుగు, బడిలో హిందీ, సంతలో దోర్లి, అడవి దారిలో గోండి. ఏ భాషలో ఏడ్చిన పిల్లను ఏ భాషలో ఊరుకోబెట్టాలో అక్కడి తల్లులను అడిగితే వాళ్ళూ నవ్వేస్తారు. తండ్రి అప్పయ్య జ్వరమొచ్చి చనిపోయేనాటికి దుర్గేశ్ ఇంకా పాకుతున్నాడు. తల్లి సారలమ్మ మిరప చేలకు కూలికి పోతే పిల్లవాణ్ణి చంకనేసుకొని తిప్పింది స్రవంతి. అన్నం తినిపించింది ఆమె, జోల పాడింది ఆమె, కాలవలో పడితే జుట్టు పట్టి లాగిందీ ఆమే. వాడికి మాటలొచ్చాక తల్లిని "అమ్మా" అని ఎన్నిసార్లు పిలిచాడో తెలియదు గాని "అక్కా" అనే పిలుపుతో మాత్రం ఇల్లు మోగిపోయేది.

పన్నెండో తరగతి అయ్యాక స్రవంతి కిరండూల్ వెళ్ళింది. అక్కడ ఇనుప గనుల దగ్గర లారీలకు మట్టి ఎత్తే పనిలో మేనమామ ఉండేవాడు. ఆయన ఇంట్లో ఉంటూ చక్రధరరావు గారి స్టూడియోలో పనికి చేరింది. చక్రధరరావుది విజయనగరం వైపు. విశాఖపట్నం రైలు పట్టాల వెంబడి కొండెక్కి వచ్చి అక్కడే స్థిరపడిపోయిన మనిషి. ఇద్దరిదీ తెలుగే, కాని ఆయన 'ఏటి' అంటే ఈమె 'ఏంది' అనేది. మొదటిరోజే ఆయన, "ఆ పచ్చ గుడ్డ పట్రామ్మా, బొమ్మ ఎనకాల కట్టాల" అన్నాడు. ఈమె చిలకపచ్చ గుడ్డ తెచ్చింది. ఆయనకు కావలసింది పసుపు పచ్చ. కుర్చీలో కూర్చున్న గిరాకీ ముందు ఇద్దరూ కాసేపు పచ్చ, పచ్చ అని వాదించుకున్నారు. మన భాషకు అదేం పిసినారితనమో, చెట్టు ఆకుకూ పసుపు కొమ్ముకూ ఒకటే మాట పెట్టుకొని కూర్చుంది. ఆ రోజు నుంచి రంగు ప్రస్తావన వస్తే చాలు, "పచ్చంటే ఏ పచ్చ?" అని గురువూ శిష్యురాలూ ఒకర్నొకరు ఎగతాళి చేసుకునేవారు.

కంప్యూటరులో ఫోటోలు దిద్దే పని ఆయనే నేర్పాడు. మచ్చలు తీయడం, చెదిరిన జుట్టు సర్దడం, వెనక గోడ తీసేసి నీలిరంగు పెట్టడం, అన్నీ నేర్పాడు. వాటన్నిటికన్నా ముందు ఒక సూత్రం చెప్పాడు. "బొమ్మ తెరవగానే మొహం సూసీకు. ముందు తెల్లది ఏటుందో ఎతుకు. చొక్కావో, కాగితమో, గోడో. తెల్లది తెల్లగుంటే బొమ్మ నిజం సెప్తున్నట్టు. తెల్లది కూడా రంగు మారిపోయిందంటే తప్పు తెరది. తెర తప్పుని మొహం మీద రుద్దకు." ఆ మాట స్రవంతి మంత్రంలాగా బట్టీ పట్టింది.

కొన్నేళ్ళకు భోపాలపట్నం వచ్చి సొంతంగా స్టూడియో పెట్టుకుంది. ఆ చుట్టుపక్కల కార్డులన్నిటి మీదా ఆమె దించిన ముఖాలే. పెళ్ళి మాటెత్తితే, "దుర్గేశ్ ఒక దారిల పడనీ" అనేది. వాడు దారిలో పడ్డాడు, నిజంగానే. సుక్మాలో రోడ్లు వేసే ఒక గుత్తేదారు దగ్గర టిప్పర్ డ్రైవరుగా కుదిరాడు.

ఇక ఆ కంప్యూటరు కథ. దసరా వెళ్ళిన కొద్దిరోజులకు ఒక ఉదయం మానిటర్ వేయగానే తెరంతా పసుపు పూసినట్టు కనిపించింది. ముఖాలు పచ్చ, చొక్కాలు పచ్చ, ఖాళీ కాగితం తెరిచినా పచ్చే. ఆ సమయానికి పూనం లచ్చు స్టూడియోలో ఉన్నాడు. సంతలో చింతపండు, ఇప్పపువ్వు అమ్ముకునే కుర్రాడు, నోరు కుదురుగా ఉండదు. తెర వంక చూసి, "అక్కా, నీ డబ్బాకు పచ్చకామెర్లు వచ్చినయ్. మా ఊరి నాటు వైద్యం చేసే వడ్డె దగ్గరికి తోలుకపో, పసరు పోస్తడు" అన్నాడు.

"నువ్వే తోలుకపో, నీకు పుణ్యముంటది" అంది స్రవంతి.

"పచ్చకామెర్లోనికి లోకమంత పచ్చగనే కనబడ్తదట గదక్కా. నీ డబ్బా గూడ గంతే."

బెంచీ మీద కూర్చున్న వాళ్ళంతా నవ్వారు. స్రవంతి కూడా కడుపు పట్టుకొని నవ్వింది. ఆ నవ్వు తర్వాతి కాలంలో ఆమెకు చాలాసార్లు గుర్తొచ్చింది.

పని ఆగితే గిరాకీ ఆగదు కదా. తెర మీద కనిపించే పసుపును అందాజుగా తగ్గించుకుంటూ ఫోటోలు దిద్దింది. తీరా ప్రింటు వేస్తే అన్నీ నీలంగా వచ్చాయి. ఒక పెళ్ళికూతురి అత్తగారు ఆల్బం తెరిచి, "మా కోడలు ఏమన్న నీళ్ళల్ల మునిగి తేలిందా?" అని దుకాణం ముందు పంచాయితీ పెట్టింది. ఇక లాభం లేదని స్రవంతి కిరండూల్‌కు ఫోన్ చేసింది.

"సార్, తెర మొత్తం పచ్చగైంది."

"పచ్చంటే ఏ పచ్చమ్మా?" అన్నాడు చక్రధరరావు. ఆయన నవ్వు దగ్గుగా మారి చాలాసేపటికి గాని ఆగలేదు. ముసలితనం వచ్చేసింది ఆయనకు.

"పసుపు పచ్చ సార్. నవ్వకుండ్రి, నా దుకాణం మునుగుతున్నది."

ఆయన ఒక్కొక్కటే చెప్పాడు, ఈమె ఒక్కొక్కటే చేసింది. రాత్రిపూట కళ్ళకు హాయిగా ఉండాలని తెరను పసుపుగా మార్చే మీట ఒకటుంటుంది, అది ఆపి ఉందో లేదో చూడమన్నాడు. ఆపే ఉంది. ఫోటోలు దిద్దే సాఫ్ట్‌వేర్‌ను మూసేసి, మూడు మీటలు నొక్కిపట్టి మళ్ళీ తెరిస్తే పాత సెట్టింగులన్నీ పోతాయన్నాడు. పోయాయి గాని పసుపు పోలేదు. గ్రాఫిక్స్ కార్డును వాడుకోవద్దని టిక్కు తీసేయమన్నాడు. తీస్తే కంప్యూటరు ముసలెద్దులాగా నడిచింది తప్ప రంగు మారలేదు. మానిటర్‌కు ఉండే రంగుల ప్రొఫైల్ మార్పించాడు. ఊహూ.

"అయితే ఓ పని సెయ్యి. తెర మీదున్న బొమ్మని స్క్రీన్‌షాట్ తీసి నా ఫోన్‌కి పంపు. నాకూ పచ్చగా కనబడితే తప్పు బొమ్మలో ఉన్నట్టు. నాకు బాగా కనబడితే తప్పు నీ తెరలోనో, తీగలోనో ఉన్నట్టు."

పంపింది. కాసేపటికి ఫోన్ వచ్చింది. "శుభ్రంగా ఉందమ్మా. నీ సాఫ్ట్‌వేర్‌కి ఏ రోగమూ లేదు. ఎనకాల కేబుల్ ఊడదీసి సూడు."

ఊడదీసి చూస్తే కేబుల్ మూతిలో ఉండే సన్నటి సూదుల్లో ఒకటి వంగిపోయి ఉంది. నీలిరంగును మోసుకొచ్చే సూది అదేనట. నీలం రాకపోతే తెలుపు కాస్తా పసుపవుతుందట. కాలిలో ముల్లు తీసే పట్టకారుతో ఆ సూదిని నిటారుగా చేసి బిగించగానే తెర పాలు పోసినట్టు తెల్లబడింది. తాడిచెట్టంత భయపెట్టిన రోగానికి వెంట్రుకంత కారణం.

"ఆ సూది మళ్ళీ వంగుతాది. కేబుల్ మార్చీ" అని చెప్పాడాయన. స్రవంతి సరేనంది. కాని జగదల్‌పూర్ నుంచి కొత్త కేబుల్ వచ్చేసరికి పెళ్ళిళ్ళ కాలం నెత్తి మీదికి వచ్చింది. ఈలోగా తెర అప్పుడప్పుడు పచ్చబడేది. ఆమె చెయ్యి వెనక్కి పోయి కేబుల్‌ను ఒకసారి కదిపితే మళ్ళీ తెల్లబడేది. అలా కదపడం తల దువ్వుకున్నంత మామూలైపోయింది. పచ్చ కనిపిస్తే చాలు, చెయ్యి వెనక్కి పోతుంది. మెదడును అడగదు.

కొత్త కేబుల్ వచ్చింది. వేసింది. తెర బ్రహ్మాండంగా ఉంది. ఆ వారంలోనే దుర్గేశ్ ఫోన్ చేశాడు.

"అక్కా, గుత్తేదారు మాకందరికి కార్డులు చేపిస్తున్నడు. పోలీసు క్యాంపుల దగ్గర బండి ఆపి కార్డు అడుగుతున్నరు. తెల్ల చొక్కా, నీలం బ్యాక్‌గ్రౌండ్ ఉండాల్నట. మా లెక్కలు రాసే మునిషీ దగ్గర చొక్కా అడుక్కొని, గోడకు నిలబడి ఫోన్ల దిగిన. నీకు పంపిన. మంచిగ చేసి పంపు."

"అక్కడ స్టూడియోలు లేవా?"

"ఉన్నయ్. నా మొఖం నీకు తప్ప ఎవ్వలకు రాదక్కా."

ఆమె కెమెరా పట్టిన నాటినుంచి వాడి ఫోటోలన్నీ ఆమె దించినవే, దిద్దినవే. ఆ మాటకు స్రవంతి లోలోపల పొంగిపోయింది. "సరే, పెడ్తున్న. తింటున్నవా మంచిగ?"

"ఏం తినుడో. నోరు చేదుగున్నది. అన్నం చూస్తే కడుపుల తిప్పుతున్నది. ఒళ్ళంత పిండి చేసినట్టున్నది."

"ఆ దుమ్ముల, ఎండల తిరుగుతే ఏమైతది మరి. మజ్జిగ తాగు. వేడి చేసుంటది."

స్టూడియో నిండా పెళ్ళివారు. ఎవరి పిల్లో గుక్కపట్టి ఏడుస్తోంది. స్రవంతి తమ్ముడి ఫోటోను ఫోన్లో చూడనైనా చూడకుండా నేరుగా కంప్యూటరులో తెరిచింది. తెర నిండా దుర్గేశ్ ముఖం. కళ్ళు పచ్చగా ఉన్నాయి. ఆమె చెయ్యి వెనక్కి పోయి కేబుల్‌ను కదిపింది. పచ్చ పోలేదు. "కొత్తది గూడ గింతేనా" అని కేబుల్ అమ్మినవాణ్ణి తిట్టుకుంది. మళ్ళీ కదిపింది. పెళ్ళికొడుకు మేనత్త "మా వంతు ఎప్పుడమ్మా?" అని మూడోసారి అడిగింది. ఇక కేబుల్‌తో పెట్టుకునే తీరిక లేదు. చిన్న కుంచె తీసుకొని రెండు కళ్ళలోని పసుపును తుడిచేసింది. చెంపలకు కాస్త రక్తం రంగు ఇచ్చింది. పెదాలు ఎండిపోయి ఉంటే తడి మెరుపు తెచ్చింది. గోడ తీసేసి నీలం పెట్టింది. పంపింది. ఎంతసేపని, ఒక పాన్ నమిలేంత సేపు.

ముందు ముఖం చూడొద్దు, తెల్లది చూడు అని నేర్పిన గురువు మాట ఆ పూట ఆమెకు గుర్తురాలేదు. వాడు వేసుకున్న చొక్కా ఆ తెర మీద తెల్లగానే ఉంది.

"అక్కా, పెళ్ళికొడుకును చేసినవ్" అని వాడు తిరుగు సందేశం పెట్టాడు. ఆమె నవ్వుతూ మేనత్తను కుర్చీలో కూర్చోబెట్టింది.

ఆ తర్వాత వాడు కొన్నాళ్ళు అలాగే బండి నడిపాడు. ఒళ్ళు వేడెక్కితే దుకాణంలో మాత్రలు కొనుక్కొని మింగాడు. ఒకరోజు టిప్పర్ ఎక్కబోతూ మెట్టు మీదనే కూలబడ్డాడు. గుత్తేదారు మనుషులు జీపులో వేసుకొని, కుంట ఊరి మీదుగా భద్రాచలం తీసుకెళ్ళారు. కబురు అందగానే స్రవంతి తల్లిని వెంటబెట్టుకొని, చెర్ల దారిన బస్సు పట్టుకొని పోయింది. దారి పొడుగునా సారలమ్మ సమ్మక్కకు మొక్కుతూనే ఉంది. స్రవంతి మాత్రం ఎండదెబ్బే అయి ఉంటుందని తల్లికి చెబుతూ వచ్చింది. తను కూడా అదే నమ్మింది.

మంచం మీద దుర్గేశ్ కళ్ళు తెరిచాడు. రెండు కళ్ళూ పసుపు కొమ్ముల్లా ఉన్నాయి. గోళ్ళూ, అరచేతులూ పచ్చగా ఉన్నాయి. ఆ రంగు ఎక్కడ చూసిందో స్రవంతికి తక్షణమే తెలిసింది.

డాక్టరు నెమ్మదస్తుడు. లివరు బాగా దెబ్బతిన్నదని చెప్పి, "కళ్ళు ఎప్పటినుంచి పచ్చగా ఉన్నాయమ్మా?" అని అడిగాడు. సారలమ్మ తనకు తెలియదంది. వెంట వచ్చిన మునిషీ జవాబిచ్చాడు. ఆయన హిందీ మనిషి, తెలుగు ముక్కలు ముక్కలుగా మాట్లాడతాడు. "నేను చెప్పినా డాక్టర్ సాబ్. ఏయ్ దుర్గేశ్, నీ కళ్ళు పీలా, పచ్చగ కనబడ్తున్నయ్ అని చెప్పినా. వాడు కార్డు చూపెట్టిండు. చూడు మునిషీజీ, ఫోటోల తెల్లగనే ఉన్నయ్, మా అక్క చేసింది, నీకే దుమ్ము పడ్డది కంట్ల అన్నడు. నవ్విండు. నేను గూడ నవ్వినా."

ఆ కార్డు దుర్గేశ్ మెడలోనే ఉంది. స్రవంతి దాన్ని చూసింది. నీలిరంగు ముందు తెల్లటి కళ్ళతో, ఎర్రటి చెంపలతో కొత్త పెళ్ళికొడుకులా నవ్వుతున్నాడు. మంచం మీద ఉన్నవాడు వేరు. డాక్టరు మళ్ళీ అడిగితే, "ఫోటో దిగిన నాటి నుంచి" అని మాత్రం అనగలిగింది. ఆ మాటకు అర్థమేమిటో అక్కడ ఎవరికీ తెలియలేదు.

సాయంత్రం వాడికి కాస్త తెలివి వచ్చింది. అక్క చెయ్యి పట్టుకొని, "అక్కా, ఇవి గూడ జర తెల్లగ చెయ్యరాదూ" అన్నాడు, కళ్ళు చూపిస్తూ. వాడిది ఎప్పుడూ పరాచికమే. స్రవంతి "చేస్త బిడ్డా, చేస్త" అంది. అంతకుమించి మాట్లాడితే ఏడుపొస్తుందని బయటికి వెళ్ళిపోయింది.

వాడు బతకలేదు. పెద్ద ఊరికి తీసుకెళ్ళాలని బండి మాట్లాడుతుండగానే పోయాడు. తర్లగూడ తీసుకొచ్చి, తండ్రిని పెట్టిన చోటనే మట్టి చేశారు.

దినాలకు వచ్చిన ఆడవాళ్ళ మధ్య కూర్చొని సారలమ్మ ఒకటే మాట పట్టుకుంది. "పచ్చకామెర్లకు పసరు లేదా మన దగ్గర? ముందుగాల తెలిస్తే నేను అడివిల పడి పోయి తేకపోదునా? నా కొడుకును ఎవ్వలన్న కన్నెత్తి చూసిన్రా? ఎవ్వలు చూడలే." పసరు వాణ్ణి నిలబెట్టేదో లేదో దేవుడికి తెలియాలి. ముందే ఆసుపత్రికి తీసుకెళ్ళినా బతికేవాడో లేదో డాక్టరు కూడా గట్టిగా చెప్పలేదు. కాని 'ఎవరూ చూడలేదు' అన్న మాట అబద్ధమని ఆ గుంపులో స్రవంతికి ఒక్కదానికే తెలుసు. ఆమె గోడకు ఆనుకొని, చీర కొంగు నోట్లో కుక్కుకొని కూర్చుంది. తల్లి కాళ్ళ మీద పడి చెప్పేద్దామని రెండుసార్లు లేచింది. రెండుసార్లూ కూర్చుండిపోయింది. చెబితే తల్లికి కొడుకుతో పాటు కూతురు కూడా పోతుందేమోనని భయం.

స్టూడియో మళ్ళీ తెరిచిన రోజు ఆమె గిరాకీని లోపలికి రానివ్వలేదు. కంప్యూటరు వేసి, వాడు పంపిన అసలు ఫోటోను తెరిచింది. కుంచె తగలని ఫోటో. ఈసారి ముఖం చూడలేదు. చొక్కా చూసింది. మునిషీ చొక్కా, కాలరు దగ్గర కాస్త పెద్దదై వేలాడుతోంది. తెల్లగా ఉంది, ఉతికి నీలిమందు పెట్టినంత తెల్లగా. కళ్ళు మాత్రమే పచ్చ. మానిటర్ ఆ రోజు నిజమే చెప్పింది. అన్నాళ్ళు అబద్ధమాడిన మానిటర్ నిజం చెప్పిన ఒక్క పూట ఆమె నమ్మలేదు.

అయినా మనసు ఒప్పుకోలేదు. ఒకవేళ తెర తప్పేనేమో, చొక్కా తెల్లగా ఉన్నట్టు తనకే అనిపిస్తోందేమో. మునిగేవాడికి గడ్డిపోచ దొరికినట్టు ఆ ఆశ దొరికింది. ఏ మాటా రాయకుండా ఆ ఫోటోను చక్రధరరావుకు పంపింది. ఆయనకు దుర్గేశ్ చిన్నప్పటి కబుర్లు తెలుసు గాని ముఖం తెలియదు. పోయిన సంగతి ఆమె ఆయనకు చెప్పలేదు.

కాసేపటికి ఆయనే ఫోన్ చేశాడు.

"ఏటమ్మా, కుర్రాడి కళ్ళు పచ్చగున్నాయి."

"పచ్చంటే ఏ పచ్చ సార్?"

ఆయన నవ్వబోయి, ఆమె గొంతు విని ఆగాడు. "పసుపు పచ్చ. చొక్కా సూస్తే తెల్లగుంది. కేబుల్ మార్చేవు కదా?"

"మార్చిన సార్."

"అయితే తప్పు నీ తెరది కాదు, బొమ్మదీ కాదు. మనిషిదే. ఇవి కామెర్లమ్మా. ఎవరో గాని ఆ అబ్బాయి, కళ్ళు దిద్దీసి ఊరుకోకు. వాళ్ళోళ్ళకి కబురు సెయ్యి. ఎమ్మట్నే ఆసుపత్రికి తీస్కెళ్ళమను."

స్రవంతి కళ్ళు ఇంకా ఆ తెల్ల చొక్కా మీదే ఉన్నాయి.

"తీసుకపోయినం సార్" అంది చివరికి. "మా దుర్గేశ్ సార్ వాడు. దిద్దిన తర్వాత తీసుకపోయినం."

అటువైపు ఆయన తప్పు నీది కాదనీ అనలేదు, నీదేననీ అనలేదు. ఫోన్ పెట్టెయ్యకుండా అలాగే ఉన్నాడు. ఆయన ఊపిరి వినిపిస్తూ ఉంది. ఆమె అప్పటిదాకా ఎవరి ముందూ ఏడవని ఏడుపంతా ఆ ఊపిరి వింటూ ఏడ్చింది.

ఇంట్లో పటం కట్టించాల్సి వచ్చినప్పుడు సారలమ్మ కార్డు మీది ఫోటోనే కావాలంది. "గా నీలం ఫోటో పెట్టు బిడ్డా. కళ్ళు మంచిగున్నయ్. మీ నాయినకైతే ఒక్క ఫోటో లేకపాయె, వీనికన్న ఉండనీ" అంది. స్రవంతి కాదనలేదు. పెద్దది చేసి, పూలదండ వేసి, తర్లగూడ ఇంట్లో తగిలించింది. ఇప్పటికీ ఊరికి వెళ్ళినప్పుడు ఆమె ఆ గోడకు వీపు పెట్టే అన్నం తింటుంది. తల్లి దుఃఖమనుకుంటుంది.

అసలు ఫోటోను మాత్రం రంగు ముట్టుకోకుండా ప్రింటు తీసి, స్టూడియోలో మానిటర్ పైన గోడకు పెట్టుకుంది. చుట్టూ మెరిసిపోయే పెళ్ళికూతుళ్ళ ఫోటోలు, మధ్యలో ఎండిన పెదాలతో, పచ్చని కళ్ళతో దుర్గేశ్.

మొన్న సంతరోజు పూనం లచ్చు వచ్చాడు. చాలా నెలలు అటువైపు రాలేదు వాడు, స్రవంతి పెట్టే పరీక్ష సంగతి మాత్రం బజారులో విన్నాడు. చింతపండు బుట్ట చంకన పెట్టుకొని, ఏదో కార్డుకు ఫోటో కావాలంటూ లోపలికి వచ్చి గోడ వంక చూశాడు. వాడి నోరు ఊరుకుంటుందా.

"అక్కా, గా ఫోటో పచ్చగ పడ్డది. నీ డబ్బాకు మళ్ళ పచ్చకామెర్లు వచ్చినయా ఏంది?"

"లేదు లచ్చూ. డబ్బా మంచిగనే ఉన్నది" అంది స్రవంతి. గొంతు కూడా పెంచలేదు. "చొక్కా చూడు. తెల్లగున్నది."

లచ్చు చొక్కా చూశాడు. కళ్ళు చూశాడు. ఆ ముఖంలోనూ స్రవంతి ముఖంలోనూ ఉన్న పోలిక చూశాడు. బుట్ట నేల మీద పెట్టి, ఆమె పిలవకముందే గుమ్మం దగ్గరికి వెళ్ళి, వెలుతురులోకి ముఖం ఎత్తి నిలబడ్డాడు.